కాలిన మేడ, మిగిలిన విద్య

ఇంగ్లండున ససెక్స్ గుట్టలమీద అప్పార్క్ అను పాత జమీందారీ మేడ కలదు. రచయిత హెచ్. జి. వెల్స్ తల్లి 1880 నుండి 1893 వరకు అచ్చటి నౌకర్లపై పెత్తనము చేసెడిది. ఆ యింటి పుస్తకములే బాలుడైన వెల్స్‌కు బడియైనవి. 1954లో ఆ మేడ నేషనల్ ట్రస్టు అను ధర్మసంస్థకు దానముగ వచ్చినది.

1989 ఆగస్టు 30న, కప్పు మరమ్మతు ముగియవచ్చిన తరుణమున, సీసపు రేకుల నతుకు మంట అంటుకొని పై అంతస్తు కప్పుతోసహా కూలినది. బాగుచేయబోయిన చేతులే కాల్చినవన్నమాట! క్రింది గోడలు నిలిచినవి. సామానులో చాలభాగమును ఇంటివారును, సిబ్బందియు, అగ్నిమాపకదళమువారును బయటికి మోసిరి.

శిథిలముగ విడుచుటయా, క్రొత్తది కట్టుటయా యని తర్జనభర్జన జరిగి, తుదకు ప్రమాదమునకు ముందునాటి రూపమునే నిలుప నిశ్చయించిరి. బూడిదను జల్లెడపట్టి ముక్కలేరిరి. అయితే అసలు చిక్కు ముక్కలది కాదు, చేతులది. సున్నమున పశురోమములు కలిపి, అచ్చు లేకుండ వ్రేళ్లతోనే లతలు తీర్చు గచ్చుపని ఎరిగినవారు ఆ దేశమున దాదాపు లేకపోయిరి. పనివారు ఆ విద్యను మరల నేర్వవలసివచ్చినది. 1995లో తలుపులు తెరచిరి.

ఇది నకలేకదా యని కొందరి ఆక్షేపణ. కొంత నిజమే. 2015లో క్లాండన్ పార్క్ కాలినప్పుడు, ఆ ట్రస్టే ఏండ్ల తరబడి ఆలోచించి, లోపలి అలంకారములను మరల కల్పింపక, కాలిన గోడలనే చూపుటకు 2022లో నిశ్చయించినది. అచ్చట ఒక్క గది తప్ప దాదాపు సర్వమును పోయినది గావున తప్పుపట్టలేము. కాని ఆ హాలు కప్పున నుండిన గచ్చుబొమ్మలను మరల తీర్చి చేయి తిప్పుకొను అవకాశము ఏ యువశిల్పికిని దొరకదు.