చెడిన రేకు చెప్పు పాఠము

అసలు ఇంజనులో 87వ వంతు ప్రమాణముతో ఇత్తడి రైలింజను చేయబూనినవానికి మొదటి గురువు చెడిపోయిన రేకే. బాయిలరు వలె చుట్టబోగా రేకు విచ్చుకొనును. మరల మరల వంచినకొద్దీ బిరుసెక్కి తుదకు పగులును. మసక ఎఱుపు వచ్చువరకు కాల్చి చల్లార్చినచో మెత్తబడును. ఇది పుస్తకములో ఒక్క పంక్తి. చేతికి తెలియుటకు నాలుగు రేకులు చెడవలెను.

అతుకు పని మరింత చిక్కు. పొగగొట్టమును అతికి, దాని ప్రక్కన ఆవిరి గుమ్మటమును అతుకబోగా, ఆ వేడికి పొగగొట్టము ఊడిపడును. అప్పుడు పనివాడు యోచించును: మొదటి అతుకునకు ఎక్కువ వేడికి కరగు టంకము, తరువాతిదానికి తక్కువ వేడికి కరగునది వాడవలెను. సీసము 327 డిగ్రీల సెంటిగ్రేడుకు, తగరము 232 డిగ్రీలకు కరగును. తగరము 63 పాళ్లు, సీసము 37 పాళ్లు కలిపినచో 183 డిగ్రీలే చాలును! ఒకదాని కంటె ఒకటి తేలికగా కరగునవి రెండును కలిసి మరింత తేలికగా కరగుట వింత కాదా? సీసము విషము గనుక, పిల్లలకు సీసము లేని టంకమునే ఈయవలెను.

మన బడులలో తప్పునకు ఎఱ్ఱసిరా గీత తప్ప వేరు మర్యాద లేదు. ఉపాధ్యాయులారా! పగిలిన రేకును పారవేయనీయకుడు. ఎందుకు పగిలినదో విద్యార్థిచే వ్రాయించుడు. ఆ వ్రాతకును మార్కులు వేయుడు.