సాలూరు మీదుగా ఓ సెస్నా

సాలూరు అనగానే ఎవరికైనా గుర్తొచ్చేది లారీ. బాడీలు కట్టే షెడ్లు, టైర్ల కొట్లు, తలుపుల మీద పూలూ నెమళ్లూ వేసే పెయింటర్లు... స్టీరింగన్నది ఈ ఊరికి ఇంటి చుట్టం. ఊరు దాటి సుంకి ఘాట్ ఎక్కి, పొట్టంగి, సెమిలిగుడ మీదుగా పోతే సునాబెడ వస్తుంది. మిగ్ యుద్ధవిమానాల ఇంజిన్లు తయారుచేసిన హెచ్.ఎ.ఎల్. కర్మాగారం అక్కడే ఉంది. 1960ల్లో పెట్టారు. 2025 సెప్టెంబరు 26న మన వాయుసేన సాగనంపిన మిగ్-21కి ఇంజిన్లు ఆ కొండల మీదనుంచే వెళ్లాయి. అలా చూస్తే విమానం మనకు మరీ దూరపు బంధువేమీ కాదు. దాన్ని నడిపే యోగమే అందరికీ ఉండదు.

ఇప్పుడు అదీ అందుతోంది. ఉత్తుత్తిదే అనుకోండి! ఇంట్లో మంచి కంప్యూటరూ, ఓ జాయ్‌స్టిక్కూ ఉంటే విశాఖ విమానాశ్రయం నుంచి సెస్నా-172 అనే నాలుగు సీట్ల బుల్లి విమానాన్ని లేపి మన ఊళ్ల మీదుగా తిప్పొచ్చు. దీన్నే ఫ్లైట్ సిమ్యులేటర్ అంటారు. ‘ఆ... వీడియో గేమే కదా’ అని తీసిపారేసే తండ్రులున్నారు. ‘మావాడు పైలట్ అయిపోయినట్టే’ అని మురిసిపోయే తల్లులూ ఉన్నారు. నిజమేమిటో తెలియాలంటే ఓసారి ఎగిరి చూడాలి.

సాలూరు కుర్రాడొకడు కంప్యూటర్ ముందు కూర్చున్నాడనుకుందాం. మ్యాప్‌లో చూస్తే విశాఖ విమానాశ్రయానికి సాలూరు దాదాపు తిన్నగా ఉత్తరాన ఉంటుంది. గాలిలో దూరం 88 కిలోమీటర్లు. పైలట్ల లెక్కలో 48 నాటికల్ మైళ్లు. సెస్నా 110 నాట్ల వేగంతో, అంటే గంటకు రెండొందల కిలోమీటర్లకు కాస్త పైన, పోతే 26 నిమిషాల్లో చేరాలి. సింహాచలం కొండ దాటగానే కొత్తవలస రైలు పట్టాలు, ఆపైన శృంగవరపుకోట, గోస్తని మీద తాటిపూడి జలాశయం, చంపావతి మీద ఆండ్ర జలాశయం, చివరికి వేగావతి ఒడ్డున సాలూరు. ఎడమచేతి వైపు పొడవునా కనుమలు. ఇంత సుళువైన దారి ఇంకోటి ఉంటుందా?

ఇక్కడే మొదటి పాఠం. పడమటి నుంచి 20 నాట్ల గాలి వీస్తోందనుకోండి. దిక్సూచిలో ఉత్తరం పెట్టుకుని నిశ్చింతగా కూర్చుంటే, 26 నిమిషాల్లో విమానం 16 కిలోమీటర్లు తూర్పుకి జరిగిపోతుంది. కిందకి చూసి ‘అదిగో మా ఊరు’ అనుకుంటాడు. తీరా చూస్తే అది బొబ్బిలి! ముక్కు పది డిగ్రీలు ఎడమకి తిప్పి, పక్కవాటంగా ఎగిరితేనే సాలూరొస్తుంది. పదో తరగతి త్రికోణమితి ఎందుకు పనికొస్తుందని అడిగే పిల్లలకు ఇంతకంటే మంచి జవాబు నాకు దొరకలేదు.

రెండో పాఠం కొండలది. సాలూరుకు వాయవ్యంగా పాతిక ముప్ఫై కిలోమీటర్లలో ఒడిశాలోని దేవమాలి శిఖరం ఉంది. ఎత్తు 1,672 మీటర్లు, అంటే దాదాపు 5,500 అడుగులు. మూడు వేల అడుగుల్లో మబ్బులోకి దూరి, గాలికి అతిగా ముక్కు తిప్పి ఎడమకి జరిగిపోయినవాడి గతేమిటో చెప్పక్కర్లేదు. తెర మీదైతే మళ్లీ మొదలుపెట్టొచ్చు. 2022 చివర్లో ఒడిశాలోని జయపురానికి తొమ్మిది సీట్ల సెస్నా కారవాన్ విమానాలు మొదలయ్యాయి. ఆ కారవాన్ కూడా సిమ్యులేటర్‌లో ఉంది. విశాఖ నుంచి జయపురానికి గీత గీస్తే అది అరకు మీదుగానే పోతుంది. ఆ దారిలో ఎంత ఎత్తున వెళ్లాలో లెక్క కట్టడం మంచి హోంవర్కు.

నడపడం సంగతికొద్దాం. ఘాట్ దిగేటప్పుడు మన డ్రైవర్లు బ్రేకు మీద కాలేసి కూర్చోరు. చిన్న గేరులో ఇంజిన్‌తోనే బండిని పట్టి ఉంచుతారు. మలుపు రాకముందే వేగం తగ్గించుకుంటారు. విమానం దించడంలోనూ ముందుచూపే సగం విద్య. రన్‌వే కనిపించాక వేగం తగ్గించుకుందామంటే కుదరదు. సెస్నా రన్‌వే గుమ్మంలోకి 65 నాట్ల దగ్గర రావాలి. ఎక్కువైతే నేల అంటకుండా తేలుతూ పోతుంది. మరీ తక్కువైతే రెక్కల మీద గాలి పట్టు తప్పుతుంది. దీన్నే స్టాల్ అంటారు. ముక్కు పైకెత్తితే విమానం పైకి పోతుందని మనకు తోస్తుంది. అతిగా ఎత్తితే పడిపోతుంది. అప్పుడు ముక్కు దించాలి! పడిపోతున్నవాణ్ని ఇంకా కిందకి వంగమన్నట్టుంటుంది. 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447 విమానంలో వేగం చూపే మీటర్లు మంచుకు మొరాయించాయి, ఆటోపైలట్ తప్పుకుంది. తర్వాత ముక్కు పైకెత్తిపట్టడంతోనే విమానం స్టాల్ అయింది. 228 మంది పోయారు. చదువుకున్న పైలట్లకే ఆ క్షణంలో చెయ్యి ఎదురు తిరిగింది.

చెయ్యికి అలవాటు చెయ్యడానికే సిమ్యులేటర్ పుట్టింది. అమెరికాలో బింగ్‌హామ్టన్ అనే ఊళ్లో ఎడ్విన్ లింక్ అనే ఆయనుండేవాడు. వాళ్లది పియానోలూ ఆర్గాన్లూ చేసే ఫ్యాక్టరీ. ఆ వాద్యాల్లో గాలి ఊదే తిత్తులనే వాడి, 1929లో నేల మీదే ఊగే ఓ బుల్లి విమానం చేశాడు. ఎవరు కొన్నారనుకున్నారు? ఎగ్జిబిషన్ల వాళ్లు! పిల్లలాడుకునే వస్తువనుకున్నారు. 1934లో టపా మోసే పని సైన్యానికి అప్పగిస్తే, చెడు వాతావరణంలో వరసగా పైలట్లు చనిపోయారు. అప్పుడు సైన్యం ఆరు కొంది. రెండో ప్రపంచయుద్ధం ముగిసేసరికి పదివేలకు పైగా తయారయ్యాయి.

మబ్బులో మన చెవి అబద్ధం చెబుతుంది. విమానం పక్కకి వాలిపోతున్నా తిన్నగా ఉన్నట్టే అనిపిస్తుంది. అప్పుడు మీటర్లనే నమ్మాలి. ఇంటి సిమ్యులేటర్‌లో కుర్చీ కదలదు కాబట్టి మీటర్లు నమ్మడం తేలిగ్గా వచ్చేస్తుంది. ఒళ్లంతా ‘కాదు, కాదు’ అని మొత్తుకుంటున్నా నమ్మడం మాత్రం ఇంట్లో రాదు. అందుకే సిమ్యులేటర్ అలవాటైన పిల్లలు నిజం విమానమెక్కితే బయటికి చూడకుండా మీటర్లకే అతుక్కుపోతారని శిక్షకులు విసుక్కుంటుంటారు.

ఇంకో సంగతి. 2009 సెప్టెంబరు 2 మనం మరిచిపోయే రోజు కాదు. వై.ఎస్.రాజశేఖరరెడ్డి ప్రయాణించిన హెలికాప్టర్ నల్లమలలో కూలింది. ఆయిల్ ప్రెషర్ హెచ్చరిక వెలిగాక, దానికి సంబంధించిన చెక్‌లిస్ట్ వెతకడంలో పైలట్లు దాదాపు ఆరు నిమిషాలు మునిగిపోయారనీ, ఇంతలో హెలికాప్టర్ దట్టమైన వానమబ్బులోకి పోయిందనీ విచారణ సంఘం తేల్చింది. ముందు ఎగరాలి, తర్వాత దారి చూడాలి, ఆ తర్వాతే మిగతావన్నీ. ప్రతి పైలట్‌కీ మొదటిరోజే చెప్పే మాటే ఇది. సిమ్యులేటర్‌లో కావాలని ఏదో ఒక మీటరు పాడుచేసి, దాన్ని చూస్తూ కూడా ఎత్తూ దిక్కూ తప్పకుండా ఉండటం సాధన చెయ్యొచ్చు. అందమైన సూర్యాస్తమయాలు చూడటం కంటే ఇది చాలా విసుగు. ఆటకీ అభ్యాసానికీ తేడా అక్కడ తెలుస్తుంది.

ఏది కొనాలంటారా? మైక్రోసాఫ్ట్ వారిది 1982 నుంచీ ఉంది. అందులో చాలాకాలం మొదటి ప్రయాణం షికాగోలోని మీగ్స్ ఫీల్డ్ నుంచే మొదలయ్యేది. 2003లో ఆ రన్‌వేని రాత్రికి రాత్రి బుల్డోజర్లతో తవ్వేశారు. పాపం, ఇప్పుడది పాత కంప్యూటర్లలోనే ఉంది. 2020లో వచ్చిన కొత్తది ఉపగ్రహ చిత్రాల మీద ఇళ్లనూ చెట్లనూ తనంతట తనే మొలిపిస్తుంది. ఒక్కోసారి వింతలు జరుగుతాయి. మ్యాప్‌లో ఎవరో 2 అంతస్తులకు బదులు 212 అని కొట్టడంతో మెల్‌బోర్న్‌లో ఓ ఇల్లు ఆకాశమంత స్తంభమై నిలబడింది! కాబట్టి మన ఊరి గుడి మామూలు డాబాలా కనిపిస్తే చిన్నబుచ్చుకోకండి. దీనికి బరువైన కంప్యూటర్, వేగమైన నెట్ కావాలి. అంత స్తోమత లేకపోతే ఫ్లైట్‌గేర్ పూర్తిగా ఉచితం. ఎక్స్-ప్లేన్ కూడా రుచి చూడటానికి ఉచితంగానే దొరుకుతుంది. డబ్బు ఎక్కడైనా పెట్టాలనిపిస్తే జాయ్‌స్టిక్ మీద పెట్టండి. కీబోర్డుతో నడిపితే చేతికి ఏమీ రాదు.

వాట్‌సిమ్ అని 2001లో మొదలైన ఉచిత బృందం ఉంది. అందులో ప్రపంచమంతటా ఔత్సాహికులు కంట్రోల్ టవర్ వాళ్లలా మైకులో ఆదేశాలిస్తారు. తెలుగు మీడియంలో చదివిన పిల్లలకు రేడియో ఇంగ్లీషు చెవిన పడటానికి ఇది మంచి దారి. మొదట్లో ఒక్క ముక్కా అర్థం కాదు. నాలుగు వారాలు వింటే, వాళ్లు మాట్లాడేది కొద్దిపాటి మాటలేనని తెలుస్తుంది.

ఇక తల్లిదండ్రులకు. కమర్షియల్ పైలట్ లైసెన్సుకు 200 గంటలు నిజంగా ఎగరాలి. ఇంటి కంప్యూటర్ మీద వెయ్యి గంటలు ఎగిరినా ఆ లెక్కలో సున్నాయే. ఇంటర్‌లో లెక్కలూ ఫిజిక్సూ ఉండాలి. శిక్షణ ఖర్చు లక్షల్లో, పదుల లక్షల్లో ఉంటుంది. పొలం అమ్మో, ఇల్లు తాకట్టు పెట్టో చేర్పించినవాళ్లున్నారు. తీరా వైద్యపరీక్షలో కళ్లో, చెవులో అడ్డుపడితే? ముందు డి.జి.సి.ఎ. గుర్తించిన డాక్టర్ దగ్గర ఆ పరీక్ష చేయించండి. తర్వాత ఆరు నెలలు ఇంట్లోనే సిమ్యులేటర్ ఇచ్చి చూడండి. రన్‌వే మీద దిగడం నేర్చిన వారానికే వదిలేశాడా, లేక చెక్‌లిస్ట్ ముందుపెట్టుకుని వందోసారి కూడా అదే దిగడం చేస్తున్నాడా అన్నది గమనించండి. పొలం పత్రాలు బయటికి తీయాలో వద్దో తేల్చుకోవడానికి అది చూడాలి.

ఆ వందోసారికి కొంచెం కష్టమైన లెక్క ఇవ్వండి. ఆండ్ర జలాశయం మీద, నేలకు ఐదువేల అడుగుల ఎత్తున ఇంజిన్ ఆపెయ్యమనండి. ముక్కు సర్దుకుని 68 నాట్ల వేగం నిలబెడితే సెస్నా రాయిలా పడదు. దాదాపు ఏడు నిమిషాలు, 13 కిలోమీటర్ల దాకా జారుతూ పోతుంది. ఎడమవైపు కొండలు. ఎదురుగా సాలూరు ఉంది, కానీ రన్‌వే లేదు. కుడివైపు తిరిగితే మైదానం, పొలాలు. కోత అయిన మడి ఏదో, నిలువ నీళ్లున్నది ఏదో, కరెంటు తీగలు ఎటు పోతున్నాయో చూసుకుని దించాలి.