240 గంటల లెక్క

మొన్న శుక్రవారం టైమ్‌షీట్ నింపుతుంటే కాలేజీనాటి ఎన్నెస్సెస్ డైరీ గుర్తొచ్చింది. రెండిట్లోనూ రాసేది గంటలే కదా!

తెలియనివాళ్ళ కోసం: గాంధీ శతజయంతి ఏడాది, 1969 సెప్టెంబరు 24న, 37 విశ్వవిద్యాలయాల్లో జాతీయ సేవా పథకం మొదలైంది. ఏడాదికి 120 చొప్పున రెండేళ్ళలో 240 గంటల సేవ, దాంతోపాటు ఏడురోజుల ప్రత్యేక శిబిరం. రెండూ పూర్తిచేస్తేనే సర్టిఫికెట్.

మా అత్తిలి కుర్రాడొకడు నాతోపాటే చేరాడు. రక్తదానమైనా, మొక్కలు నాటడమైనా వాడే ముందు. తీరా శిబిరం పెట్టేసరికి సార్వా కోతలొచ్చాయి. వాళ్ళ నాన్నకి ఒంట్లో బాలేదు, చేలో పనలు, పైన తుఫాను హెచ్చరిక. వాడు ఊరెళ్ళిపోయాడు. గంటలు 240 దాటినా సర్టిఫికెట్ రాలేదు. శిబిరంలో పేకాడినవాళ్ళకి వచ్చింది. ఫోటోలు తీసినరోజు తప్ప పార పట్టని నాకూ వచ్చింది!

గంటలు లెక్కపెట్టొద్దని నేననను. లెక్క లేకపోతే అందరూ సేవకులే. కానీ గంట పక్కన ఏం పని జరిగిందో కూడా రాయాలి. నిజంగా ఇబ్బందొచ్చినవాడు తర్వాతి శిబిరంలో ఆ బాకీ తీర్చుకోవచ్చని చేరినరోజే చెప్పాలి. ఆఫీసులో మనకి సిక్ లీవుంది, కాంపాఫ్ ఉంది. జీతం లేకుండా పనిచేసేవాడికి ఆమాత్రం వెసులుబాటు వద్దంటారా?

ఇప్పటికీ ఎవరికి రక్తం కావాలన్నా వాడికే ఫోన్ చేస్తాం. నా సర్టిఫికెట్ ఎక్కడుందో మాత్రం నాకే తెలీదు.