చూరు కింది కందిరీగలు, మన రక్తసంబంధాలు



పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక, డిగ్రీలో జువాలజీ చదువుతున్న మన సంఘపు అమ్మాయి ఒకతె వచ్చి ఒక మాట అడిగింది. "అయ్యగారూ, చీమలూ తేనెటీగలూ ఒకదాని కోసం ఒకటి ప్రాణమిచ్చేది జన్యువుల లెక్క ప్రకారమట. మరి మనుషుల ప్రేమ కూడా అంతేనా?" పక్కనున్న పెద్దాయన "ఇట్లాంటి చదువులు మనకెందుకమ్మా" అన్నారు. ఆ పిల్ల మొహం చిన్నబోయింది. పెద్దాయన మీద మాకు గౌరవమే గానీ ఆ జవాబు మాత్రం మాకు నచ్చలేదు. అందుకే ఈ వారం ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

ముందు ఆ లెక్క ఏమిటో చూద్దాం. తేనెపట్టులో కూలి ఈగ పిల్లల్ని కనదు. బతికినన్నాళ్ళూ తల్లి కన్న పిల్లల్నే సాకుతుంది. సంతానం లేనిదానికి ఆ గుణం తరతరాలుగా ఎలా వస్తోంది? 1859లో అచ్చయిన తన పుస్తకంలో డార్విన్, ఇది తన సిద్ధాంతానికి పెద్ద చిక్కేనని ఒప్పుకున్నాడు. ఎంపిక ఒక్క ప్రాణి మీదే కాదు, కుటుంబం మీద కూడా పనిచేస్తుందని జవాబు చెప్పుకున్నాడు. 1964లో హామిల్టన్ అనే ఇంగ్లండు శాస్త్రవేత్త దాన్ని లెక్కగా కట్టాడు. సాయం అందుకున్నవారి లాభాన్ని రక్తసంబంధపు వంతుతో హెచ్చవేయాలి. అది సాయం చేసినవారి నష్టాన్ని మించితే ఆ గుణం నిలుస్తుంది.

చీమలు, తేనెటీగలు, కందిరీగల్లో ఒక వింత ఉంది. మగవి ఫలదీకరణం కాని గుడ్డు నుంచి పుడతాయి. కాబట్టి తండ్రి జన్యువులన్నీ ప్రతి కూతురికీ అలాగే చేరతాయి. అందువల్ల ఒకే తల్లికీ ఒకే తండ్రికీ పుట్టిన అక్కచెల్లెళ్ళ మధ్య సంబంధం ముప్పావు వంతు, సొంత కూతురితో అర వంతే. చెల్లెల్ని సాకడమే ఎక్కువ లాభమన్న మాట.

చాలామంది ఇక్కడిదాకా చదివి ఆగిపోతారు. కానీ కథ ఇంకా ఉంది. తేనెటీగల రాణి పదికి పైగా పోతుటీగలతో జతకడుతుంది. అందుకని పట్టులో చాలామంది సవతి అక్కచెల్లెళ్ళే, వాళ్ళ సంబంధం పావు వంతే. చెదల్లో ఈ ముప్పావు లెక్కే లేదు. అయినా అవి కలిసి బతుకుతాయి, త్యాగం చేస్తాయి.

బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో రాఘవేంద్ర గదగ్కర్ అనే ఆచార్యులు దశాబ్దాల పాటు రోపాలిడియా మార్జినేటా అనే కందిరీగను పరిశీలించారు. కాగితం లాంటి గూడు కట్టే ఈ ఈగ మన దక్షిణాదిదే. ఇందులో రాణికీ కూలికీ ఆకారంలో తేడా లేదు. రాణి కూడా ఒకటి కంటే ఎక్కువ మగవాటితో జతకడుతుంది, పైగా ఒక రాణి పోయాక ఇంకొకటి వస్తుంది. అందువల్ల గూటిలో రక్తసంబంధం బాగా పలచబడుతుంది. అయినా పని ఆగదు. కారణం లెక్కలోని మిగతా రెండు భాగాల్లో ఉంది. ఒంటరిగా గూడు పెట్టిన తల్లి మధ్యలో చనిపోతే పిల్లలన్నీ పోతాయి. గుంపులో ఒకటి పోతే మిగిలినవి ఆ పిల్లల్ని సాకుతాయి. ఇంకో సంగతి కూడా వారి బృందం చూసింది. వేరే గూటి నుంచి తెచ్చిన పసి ఈగల్ని ఈ గూటివాళ్ళు చేర్చుకుంటారు, అవి పెరిగి సొంతవాటిలాగే మేత తెస్తాయి.

కాబట్టి మా అభిప్రాయం ఇది. ఈ చదువుకు భయపడాల్సిన పని లేదు. చీమ దగ్గరకు వెళ్ళి దాని నడతలు చూడమని సామెతల గ్రంథమే మనల్ని పంపింది. ఆ పిల్ల వెళ్ళి చూస్తోంది, అంతే. తల్లికి పాలెలా పడతాయో డాక్టరు చెప్పినంత మాత్రాన తల్లి ప్రేమ తరిగిపోదు కదా.

అలాగని కందిరీగ మనకు ధర్మశాస్త్రమూ కాదు. తేనెపట్టులో ఒక కూలి ఈగ గుడ్డు పెడితే తోటి కూలి ఈగలే దాన్ని తినేస్తాయి. దాన్నీ నేర్చుకుంటామా? హామిల్టన్ లెక్క జరిగేదాన్ని వివరించింది. ఏం చేయాలో ఆజ్ఞాపించలేదు.

నిజం చెప్పాలంటే, ఆ లెక్క పుస్తకంలో కంటే మన ఊళ్ళోనే మాకు ఎక్కువ కనబడుతోంది. పత్తి ఏరడానికి వేరే జిల్లా నుంచి వచ్చిన కూలి ఒకాయన మొన్న చనిపోతే పాడె మోయడానికి నలుగురు దొరకడం కష్టమైంది. "మనవాళ్ళు కాదుగా" అన్న మాట మా చెవిన పడింది. మేమూ ఆలస్యంగానే వెళ్ళాం, సిగ్గుపడుతూ చెబుతున్నాం. అదే వారం మన బంధువుల ఇంటి ఫంక్షన్‌కు రెండు ట్రాక్టర్ల జనం వెళ్ళారు.

మోయాబు నుంచి వచ్చిన రూతుకు బేత్లెహేములో రక్తసంబంధం ఏముంది? ఆ ఊరు లెక్క చూసి ఊరుకుని ఉంటే దావీదు వంశం ఎక్కడిది?

అమ్మా, నీ ప్రశ్నకు మా జవాబు ఇదే. లెక్క నిజమే, బాగా చదువుకో. ఆ లెక్కకు అవతల ఉన్న మనిషి దగ్గరకు వెళ్ళగలమా లేదా అన్నది మాత్రం మన చేతుల్లో ఉంది. చనిపోయిన ఆయన భార్యా పిల్లలు ఇంకా చేను గట్టు పాకలోనే ఉన్నారు. ఈ ఆదివారం ఆరాధన అయ్యాక మేము అక్కడికి వెళ్తున్నాం. మీరూ రండి.