జరిమానా పడింది సరే, అన్‌ఇన్‌స్టాల్ బటన్ ఏది?

పోయిన నెల ఊరెళ్లినప్పుడు నాన్న తన ఫోన్ చేతికిచ్చి, "స్టోరేజ్ ఫుల్ అంటోంది, కాస్త చూడరా" అన్నారు. 32 జీబీ బడ్జెట్ ఫోన్. ఆయన ఒక్కసారి కూడా తెరవని యాప్‌లు డజను పైనే ఉన్నాయి. సగం వాటికి అన్‌ఇన్‌స్టాల్ బటనే లేదు, డిజేబుల్ ఒక్కటే. ల్యాప్‌టాప్ తీసి ఏడీబీతో కొన్ని తీసేశాను. నిజం చెప్పాలంటే అలా తీసినా అసలు యాప్ సిస్టమ్ పార్టిషన్‌లోనే ఉంటుంది. దాని అప్‌డేట్లు, డేటా తిన్న జాగా మాత్రమే తిరిగొస్తుంది.

ఆ ఫోన్ ఏ కంపెనీది అన్నది ఇక్కడ అనవసరం. డబ్బు పెట్టి కొన్న ఫోన్‌లో ఏది ఉండాలో చెప్పే హక్కు మనకు ఎందుకు లేదన్నదే నా ప్రశ్న.

ఇలాంటి ప్రశ్నే మన దేశంలో పెద్ద కేసు అయింది. ముగ్గురు ఆండ్రాయిడ్ యూజర్ల ఫిర్యాదుతో కాంపిటీషన్ కమిషన్ 2019లో విచారణకు ఆదేశించింది. 2022 అక్టోబర్‌లో గూగుల్‌కి రూ.1,337.76 కోట్ల జరిమానా వేసింది. పాయింట్ సింపుల్. ఆండ్రాయిడ్ కోడ్ ఓపెన్ సోర్స్, ఎవరైనా వాడుకోవచ్చు. కానీ ప్లే స్టోర్ లేని ఫోన్ మన దగ్గర ఎవరు కొంటారు? ఆ ప్లే స్టోర్ కావాలంటే అప్పట్లో సెర్చ్, క్రోమ్, యూట్యూబ్ లాంటివన్నీ కలిపి వేసుకోవాల్సి వచ్చేది. యూరప్ కూడా ఇలాంటి ఒప్పందాల మీదే 2018లో 434 కోట్ల యూరోల ఫైన్ వేసింది.

మనం ఫైన్ అంకె చూసి చప్పట్లు కొట్టాం. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ జరిమానాని సమర్థించింది కానీ, కమిషన్ ఇచ్చిన ఆదేశాల్లో నాలుగింటిని కొట్టేసింది. ముందే వేసి ఇచ్చిన గూగుల్ యాప్‌లను యూజర్ తీసేసుకునే వీలు కల్పించాలన్న ఆదేశం వాటిలో ఒకటి! డిఫాల్ట్ సెర్చ్ ఇంజిన్ ఎంచుకునే అవకాశం లాంటి కొన్ని మార్పులు వచ్చాయి, కాదనను. కానీ మన చేతికి నేరుగా తగిలే ఆదేశం పోయింది. అప్పీళ్లు సుప్రీంకోర్టుకి వెళ్లాయి.

ఇప్పుడు యూరప్ చూడండి. అక్కడి డిజిటల్ మార్కెట్స్ యాక్ట్ బాధ్యతలు 2024 మార్చి నుంచి పెద్ద కంపెనీల మీద అమల్లోకి వచ్చాయి. యాప్‌లు తేలిగ్గా తీసేసే వీలు ఉండాలని ఆ చట్టమే చెప్తుంది. ఐఓఎస్ 17.4తో అక్కడి ఐఫోన్లలోకి వేరే యాప్ స్టోర్లు వచ్చాయి. అదే ఐఫోన్ హైదరాబాద్‌లో కొంటే ఆ సౌకర్యం రాలేదు. చిప్ అదే, ఐఓఎస్ అదే. తేడా చట్టంలో ఉంది.

ఎదుటివాళ్ల వాదనలోనూ బలం ఉంది. ఎక్కడి నుంచి పడితే అక్కడి నుంచి ఏపీకే వేసుకుని మోసపోయినవాళ్లు మన చుట్టూనే ఉన్నారు. అందుకే సైడ్‌లోడింగ్‌కి గట్టి హెచ్చరికలు ఉండాలి, ఒప్పుకుంటా. కానీ వాడని బ్రౌజర్ తీసేస్తే సెక్యూరిటీకి ఏం నష్టం? ఇంకోటి, ఖర్చు. 2018 తీర్పు తర్వాత యూరప్‌లో తన యాప్‌లకి ఫోన్ కంపెనీల దగ్గర లైసెన్స్ ఫీజు తీసుకుంటామని గూగుల్ ప్రకటించింది. మన దగ్గర అలా జరిగితే బడ్జెట్ ఫోన్ ధర కొంచెం పెరగొచ్చు. అందుకే నేను అన్నీ బద్దలు కొట్టమనట్లేదు. తీసేసే హక్కు, డిఫాల్ట్ మార్చుకునే హక్కు, ఈ రెండూ ముందుగానే రూల్‌గా ఉంటే చాలు.

మనకీ 2024 మార్చిలో డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా వచ్చింది. అది ముసాయిదా దగ్గరే ఆగింది. 2023 సవరణతో జరిమానాని కంపెనీ ప్రపంచవ్యాప్త టర్నోవర్ మీద లెక్కగట్టే అధికారం మాత్రం చట్టంలోకి వచ్చింది. మంచిదే. కానీ ఫైన్ ఎంత పెద్దదైనా ఖజానాకి పోతుంది. విచారణ మొదలై ఫైన్ పడేలోపే మూడేళ్లు గడిచాయి. ఆలోపు మనలో చాలామంది ఫోనే మార్చేశాం.

చట్టం వచ్చేదాకా మన చేతిలో ఒకటుంది. కొత్త ఫోన్ వస్తే కెమెరా, ఛార్జింగ్ స్పీడ్ అడిగినట్టే, "ఇందులో ఎన్ని యాప్‌లు పూర్తిగా తీసేయొచ్చు?" అని కూడా అడుగుదాం. రివ్యూ రాసే నేను కూడా ఇకనుంచి ఆ లెక్క తప్పకుండా ఇస్తా. నాన్న చేతిలో ఏడీబీ ఉండదు, బటనే ఉండాలి.