కాపురం కబుర్లు: అమెరికా అల్లుడు, థాయ్ అత్తగారు

పప్పులో మామిడికాయ వేయాలా, చింతపండు వేయాలా అన్న విషయం మీద ఒకే ఊళ్లో పుట్టి పెరిగిన భార్యాభర్తలకే ఏకాభిప్రాయం కుదరదు. మరి భర్తది అమెరికా, భార్యది థాయిలాండ్ అయితే ఆ కాపురం ఎలా ఉంటుందంటారు?

ఈ రెండు దేశాల మధ్య వియ్యాలు కొత్తవేమీ కావు. వియత్నాం యుద్ధం రోజుల్లో ఉదోన్, ఉబోన్, కోరాత్ వంటి చోట్ల ఉన్న వైమానిక స్థావరాల్లో వేలాదిమంది అమెరికన్లు పనిచేశారు. 1976 నాటికి దాదాపు అందరూ వెళ్లిపోయారుగాని, కొందరు భార్యలను వెంటబెట్టుకుని వెళ్లారు. గోల్ఫ్ ఆటగాడు టైగర్ వుడ్స్ తల్లిదండ్రులది కూడా అలాంటి పెళ్లే. తండ్రి ఎర్ల్ సైన్యంలో ఉండగా థాయిలాండ్‌లో కుల్తిదా పరిచయమైంది. వారి వివాహం 1969లో జరిగింది.

అలాంటి ఒక ఇంటిని ఊహించుకుందాం. అబ్బాయి అమెరికావాడు. అమ్మాయిది ఈశాన్య థాయిలాండ్‌లో ఒక పల్లె.

ముందు భాష సంగతి. థాయ్ భాషలో ఐదు స్వరాలున్నాయి. ఒకే మాటను స్వరం మార్చి పలికితే అర్థమే మారిపోతుంది. "సువయ్" అన్న మాటను గొంతు పైకి లేపుతూ అంటే "అందంగా ఉన్నావు" అని అర్థం. గొంతు లేపకుండా చదునుగా అంటే "దరిద్రం" అని అర్థం! పాపం, కొత్త పెళ్లికొడుకు భార్యను ప్రేమగా పొగుడుదామని నోరు తెరిస్తే ఏమవుతుందో మీరే ఊహించుకోండి. "క్లై" అనే మాట ఇంకా ఘోరం. ఒక స్వరంలో "దగ్గర", మరో స్వరంలో "దూరం". మీ ఊరు దగ్గరేనా అని అడిగి, దగ్గరేనన్న ధైర్యంతో నడక మొదలుపెట్టిన అల్లుడికి సాయంత్రానికి కాళ్లు వాచిపోతాయి.

కాలం లెక్కా వేరే. రాత్రి ఏడు గంటలను వారు మళ్లీ "ఒకటి" అంటారు. కాబట్టి అత్తగారు "సామ్ థుమ్"కి భోజనానికి రమ్మంటే రాత్రి తొమ్మిదికి అన్నమాట. "సామ్" అంటే మూడు అని మాత్రమే నేర్చుకున్న అల్లుడు మధ్యాహ్నం మూడింటికే వచ్చి కూర్చుంటాడు! ఇక సంవత్సరమైతే మన లెక్కకు 543 కలపాలి. 2000లో పెళ్లయినవారి ధ్రువపత్రం మీద 2543 అని ఉంటుంది. ఇంకా ఐదువందల ఏళ్లు ఆగాలా అని అల్లుడికి అనుమానం.

వంటింట్లో సంగతి చెప్పనే అక్కర్లేదు. ఆమెకు "ప్లా రా" లేనిదే ముద్ద దిగదు. చేపలకు ఉప్పు, వేయించిన బియ్యప్పొడి పట్టించి నెలల తరబడి ఊరబెట్టేదే ప్లా రా. ఆ జాడీ మూత తీయగానే ఆయన కిటికీలన్నీ బార్లా తెరుస్తాడు. ఆయనకేమో నీలం బూజు పట్టిన జున్నంటే ప్రాణం. అది చూసి ఆమె, "పాలు విరిగి, కుళ్లి, బూజు పట్టాక తింటారా?" అని ముక్కు మూసుకుంటుంది. ఎండుచేపల పులుసు లొట్టలేసుకుంటూ తినే మనం ఈ తగవులో ఎవరి పక్షాన తీర్పు చెబుతాం?

అయితే ఆ ఇంట్లో అమెరికా అల్లుడికి వింతగా తోచేవి చాలామటుకు మనకు వింత కాదు. దారిలో ఎదురైన ప్రతివారూ "అన్నం తిన్నావా?", "ఎక్కడికి వెళ్తున్నావు?" అని అడిగితే, నా సొంత విషయాలు వీళ్లకెందుకని అతను చిరాకు పడతాడు. అది వాళ్ల పలకరింపు అని మనకు ఇట్టే తెలిసిపోతుంది. భార్య తనను "ఫీ", అంటే "అన్నా" అని పిలిస్తే అతను బిత్తరపోతాడు. మొగుణ్ణి "బావా" అని పిలిచే మన ఇళ్లలో అదొక వింతా? అతను తన దేశపు అలవాటు ప్రకారం బల్ల మీద కాళ్లు బారజాపి కూర్చుంటే అరికాళ్లు అత్తగారి వైపుంటాయి. చనువుకొద్దీ బావమరిది తల మీద చెయ్యివేసి జుట్టు చెరుపుతాడు. అక్కడ తల పవిత్రం, పాదం నీచం. పుస్తకానికి కాలు తగిలితే కళ్లకద్దుకునే మనకు ఆ అత్తగారి ముఖం ఎందుకు ముడుచుకుపోయిందో ఎవరూ చెప్పనక్కర్లేదు.

అంతెందుకు, థాయ్ భాషలో భర్తను "సామీ" అంటారు, భార్యను "ఫన్‌రయా" అంటారు. మన స్వామి, మన భార్య! సంస్కృతం నుంచి మనకు వచ్చినట్టే వారికీ వచ్చాయి.

ఇప్పుడు అలక సంగతికి వద్దాం. మన అక్షరమాలలో గుణింతాలు దిద్దేటప్పుడు తప్ప పెద్దగా పనిపడని "ఙ" ఉంది కదా, థాయ్‌లో మాటలు దానితోనే మొదలవుతాయి. "ఙోన్" అంటే అలక. "ఙో" అంటే బుజ్జగించడం. అలిగినవారు అలిగితే, రెండోవారు బుజ్జగించాలి. ఇది ప్రేమలో ఒక మర్యాద. అత్తవారింట అలకపాన్పు ఎక్కి కూర్చునే మన పెళ్లికొడుకులకు ఇది బాగా తెలుసు. అమెరికా అబ్బాయికి తెలియదు. అతను పెరిగిన ఇంట్లో కోపం వస్తే నోరు విప్పి చెప్పాలి, రెండోవారు కాసేపు ఒంటరిగా వదిలేయాలి. అందుకని భార్య ముఖం మాడ్చుకుని కూర్చుంటే, "సరే, నీకు కాస్త విశ్రాంతి కావాలేమో" అని మర్యాదగా బయటికి నడుస్తాడు. ఆమె బుజ్జగింపు కోసం ఎదురుచూస్తూ ఉంటుంది. మర్యాద చేశానని అతననుకుంటే, నేనంటే లెక్కలేదని ఆమె అనుకుంటుంది. ఇద్దరూ తమ తమ పద్ధతిలో మంచివారే. రాత్రి భోజనం మాత్రం ఇద్దరికీ ఉండదు!

ఇంతవరకు నవ్వుకున్నాం. తల్లిదండ్రుల దగ్గర, డబ్బు దగ్గర ఈ నవ్వు ఆగిపోతుంది. థాయిలాండ్‌లో పెళ్లికొడుకే అమ్మాయి తల్లిదండ్రులకు "సిన్ సోత్" అనే సొమ్ము ఇవ్వాలి. నోట్లు, బంగారం పళ్లెంలో పెట్టి బంధువులందరి ముందు చూపిస్తారు. 1961లోనే చట్టం వద్దన్నా వరకట్నం వదలని మనకు ఇది తలకిందులు వ్యవహారం. నేనేమైనా పిల్లను కొంటున్నానా అని అల్లుడు నొచ్చుకుంటాడు. కని పెంచిన చేతులకు చూపే గౌరవమని ఆమె అంటుంది. నిజానికి చాలామంది తల్లిదండ్రులు ఆ సొమ్మును కొంతో, మొత్తమో కొత్త జంటకే తిరిగి ఇచ్చేస్తారు.

కాని నెల నెలా ఇంటికి పంపే డబ్బు మాటేమిటి? అమెరికాలో 1935 చట్టంతో సోషల్ సెక్యూరిటీ వచ్చింది. అందువల్ల చాలామంది తల్లిదండ్రులు వృద్ధాప్యంలో బిడ్డల చేతివైపు చూడరు, చూడడం నామోషీ అనుకుంటారు. థాయిలాండ్‌లో 60 దాటినవారికి ప్రభుత్వమిచ్చే భత్యాన్ని 2011లో వయసును బట్టి నెలకు 600 నుంచి 1,000 బాట్‌ల దాకా నిర్ణయించారు. దానితో ఇల్లు గడవదు. పల్లెలో రైతు దంపతులకు కూతురే పింఛను. పైగా ఆ ప్రాంతంలో అల్లుడు అత్తవారింటికి రావడం, చిన్న కూతురు తల్లిదండ్రుల దగ్గరే ఉండిపోవడం పాత ఆచారం. మన ఇల్లరికం లాంటిదే, కాకపోతే అక్కడ ఎవరూ ఎగతాళి చేయరు. అమ్మానాన్నల రుణాన్ని వారు "బున్‌ఖున్" అంటారు. పుణ్యం, గుణం అన్న మన మాటలే.

కాబట్టి, "మీవాళ్లకు నా డబ్బే కావాలి" అని అతను, "నీకు మనసే లేదు" అని ఆమె అన్నారంటే ఇద్దరూ పొరబడినట్టే. ఇక్కడ ఎవరిదీ దురాశ కాదు, ఎవరిదీ రాతిగుండె కాదు. ముసలితనంలో మనిషిని ఎవరు చూసుకోవాలన్న ప్రశ్నకు రెండు దేశాలు చెప్పుకున్న రెండు జవాబులవి. ఈ సంగతి గ్రహించిన జంట కూర్చుని ఒక లెక్క వేసుకుంటుంది: అత్తగారికి నెలకు ఇంత, మన పొదుపుకు ఇంత. ఆ మొత్తం దాటి దూరపు బంధువు అప్పు అడిగితే కాదని చెప్పే బాధ్యత ఆమెది. ఇవ్వాల్సిన డబ్బును గొణగకుండా ఇచ్చే బాధ్యత ఆయనది.

ప్లా రా జాడీ దగ్గరా, "సామ్ థుమ్" దగ్గరా కలిసి నవ్వుకుని, "మీ ఇంట్లో ఇలా ఎందుకు చేస్తారు?" అని అడగడం నేర్చుకున్నవారికి డబ్బు దగ్గర కూడా ఆ ప్రశ్న అడగడం వస్తుంది. చిన్నవాటి దగ్గర వెక్కిరింత అలవాటైతే పెద్దవాటి దగ్గర నిందే వస్తుంది.

ఇవాళ మన తెలుగు పిల్లలు కూడా ఎక్కడెక్కడి వారినో పెళ్లాడి ఇంటికి తీసుకొస్తున్నారు. అంతదూరం పోనక్కర్లేదు, కోనసీమ కోడలు పాలమూరు అత్తవారింట అడుగుపెట్టినా ఈ కథ కొంత నడుస్తుంది. అందుకే ఈ నెల మీ ఇద్దరికీ ఒక చిన్న పని. మీ ఆయన ఇంటి అలవాట్లలోనో, మీ ఆవిడ ఇంటి అలవాట్లలోనో మీకు ఇన్నేళ్లుగా చిరాకు తెప్పించేది ఒక్కటి ఎంచుకోండి. భోజనాలయ్యాక, కోపంగా కాకుండా, "ఇది మీ ఇంట్లో ఎప్పటినుంచి? ఎందుకు?" అని అడగండి. జవాబు పూర్తయ్యేదాకా మధ్యలో మాట్లాడకండి.