పడవలోకి నీరొస్తే...

రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ 1968 జూన్ 14న ఇంగ్లండులోని ఫాల్మత్ రేవు నుంచి తెరచాప పడవలో ఒంటరిగా బయల్దేరాడు. ఎక్కడా ఆగకుండా భూగోళాన్ని చుట్టి రావాలన్నది పోటీ. పడవ పేరు సుహైలి. మన ముంబయిలో టేకుతో కట్టిన 32 అడుగుల పడవది. కొన్ని వారాలకే అడుగు చెక్కల సందుల్లోంచి నీరు ఊరడం ఎక్కువైంది. నడిసముద్రంలో పడవ ఆపి, నీళ్లలోకి దూకి సందుల్లో నూలు కూరబోయాడు. నిలవలేదు. చివరికి తారు పూసిన గుడ్డపట్టీని మేకులతో కొట్టి, దానిమీద రాగిరేకు బిగించాడు. చుట్టూ తిరుగుతున్న ఓ సొరచేపని మధ్యలో కాల్చాల్సి వచ్చింది కూడా! 312 రోజుల తర్వాత తిరిగొచ్చాడు. పోటీకి దిగిన తొమ్మిది మందిలో ప్రయాణం పూర్తి చేసింది అతనొక్కడే.

ఓటి పడవ అని కాదు, ఏ పడవలోకైనా ఎంతో కొంత నీరు చేరుతూనే ఉంటుంది. వాన, అలల తుంపర, ఇంజిన్ షాఫ్టు బయటికెళ్లే రంధ్రం, వదులైన పైపు క్లిప్పు... అంతా వెళ్లి చేరేది అడుగునున్న గుంటలోకే. దాన్నే బిల్జ్ అంటారు. హుస్సేన్‌సాగర్‌లో పిల్లలు నడిపే ఆప్టిమిస్ట్ లాంటి బుల్లి పడవకైతే ఓ డబ్బా చాలు, చేత్తో తోడి పోసేయొచ్చు. కేబిన్ ఉన్న పాతిక ముప్పై అడుగుల పడవకి మాత్రం పంపు ఉండాల్సిందే.

కొనబోతే అట్టపెట్టె మీద పెద్ద అంకె ఊరిస్తుంది. గంటకి 2000 గ్యాలన్లు! మన లెక్కలో దాదాపు 7,500 లీటర్లు. నీటిని ఏమాత్రం పైకి ఎత్తాల్సిన పని లేనప్పటి లెక్క అది. సంపు మోటారున్న ఇళ్లవాళ్లకి ఈ సంగతి చెప్పక్కర్లేదు. కింద కుళాయిలో దూకే ధార మూడో అంతస్తు ట్యాంకు దగ్గర నీరసిస్తుంది కదా! పడవలోనూ నీటిని మీటరు పైగా ఎత్తాలి, గొట్టం మలుపులు తిరగాలి. బ్యాటరీ కాస్త దిగిందా, ఆ అంకెలో సగం వచ్చినా గొప్పే.

మరి చిల్లి పడితే ఎంత నీరొస్తుంది? నీటిమట్టానికి రెండడుగుల దిగువన 5 సెంటీమీటర్ల వెడల్పు రంధ్రం చాలు... నిమిషానికి సుమారు 240 లీటర్లు లోపలికి దూకుతాయి. అంటే గంటకి 14 వేల పైమాటే. ఏ చిన్న పంపూ దానితో పోటీ పడలేదు. చిల్లి వెతికి మూసేదాకా కాస్త వ్యవధి ఇవ్వడమే దాని పని. అందుకే అనుభవజ్ఞులు అడుగున ఉన్న ప్రతి రంధ్రం పక్కనా మెత్తని చెక్కబిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచుతారు.

బిగించడంలో అసలు తిరకాసు గొట్టం దగ్గరే. తెరచాప పడవ గాలికి ఓ పక్కకి ఒరుగుతుంది. మామూలప్పుడు నీటికి జానెడు పైన కనిపించే గొట్టం మూతి అప్పుడు మునిగిపోతుంది. పంపు ఆగగానే, డబ్బాలోంచి గొట్టంతో కిరసనాయిలు లాగినట్టు, సముద్రమే లోపలికి ప్రవహిస్తుంది. పడవని కాపాడాల్సిన పంపే ముంచేస్తుందన్నమాట! కాబట్టి గొట్టాన్ని పైకప్పు దాకా ఎత్తి, అక్కడ గాలి పీల్చే చిన్న వాల్వు పెట్టి, అప్పుడు కిందికి దించాలి. మూతి వీలైనంత ఎత్తులో ఉండాలి. నీరు వెనక్కి రాకుండా మధ్యలో వన్‌వే వాల్వు వేస్తే సరిపోదా అంటారు కొందరు. దాంట్లో ఓ అగ్గిపుల్ల ఇరుక్కుంటే చాలు, ఉన్నా లేనట్టే. గొట్టం లోపల నున్నగా ఉన్నదే కొనాలి, గరులున్నది ధారని మందగింపజేస్తుంది.

మిగతాది తేలికే. పంపు గుంటలో అన్నిటికన్నా లోతైన చోట కూర్చోవాలి. నీరు పెరిగితే తేలి మోటారుని నడిపించే ఫ్లోట్ స్విచ్‌కి వైరు నేరుగా బ్యాటరీ నుంచే, ఫ్యూజు మీదుగా రావాలి. మెయిన్ స్విచ్ కట్టేసి ఇంటికెళ్లిపోయిన రాత్రే కదా దాని అవసరం! వైర్ల అతుకులు నీరందని ఎత్తులో ఉండాలి. ఉప్పునీరు తగిలిన రాగి ఎన్నాళ్లో నిలవదు.

బ్యాటరీయే మునిగితే? అందుకే చేతిపంపు కూడా కావాలి. చుక్కాని వదలకుండా కొట్టగలిగే చోట దాన్ని బిగించి, పిడిని తాడుతో కట్టేయాలి. లేకపోతే తుపానులో మొదట పోయేది ఆ పిడే.

అన్నీ అయ్యాక రేవులో ఉండగానే నాలుగు బకెట్ల నీళ్లు లోపల కుమ్మరించి, గడియారం పట్టుకుని చూడాలి. ఎన్ని నిమిషాల్లో తోడిందో అదీ ఆ పంపు అసలు లెక్క.